ఎవరికి ఏ సైన్సు పుస్తకం చెప్పాలి

"మంచి సైన్సు పుస్తకం ఏదైనా చెప్పండి" అని ఎవరైనా అడిగితే వెంటనే పేరు చెప్పకండి. ఆ క్షణాన నోటికొచ్చేది మీకు నచ్చిన పుస్తకం. అది వాళ్ళకి ఎందుకు పనికొస్తుందో మీకూ తెలియదు, వాళ్ళకీ తెలియదు. ముందు మీరే ఒకటి అడగండి: "ఈ మధ్య దేన్నయినా చూసి, ఇదేంటి ఇలా ఉంది అనుకున్నారా?" చాలామంది మొదట ఏమీ లేదంటారు. కాఫీ తాగే లోపల ఒకటి బయటికొస్తుంది. పెంపుడు కుక్క గురించో, వీధిలో నిలిచే నీళ్ళ గురించో, డాక్టరు చెప్తే సగమే అర్థమైన మాట గురించో. పుస్తకం దానికి వెతకాలి.

నేను జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. సొంతూరు నెల్లూరు దగ్గర, ఉండేది చెన్నై వేళచ్చేరిలో. మా అపార్ట్‌మెంట్లో సగానికి సగం తెలుగువాళ్ళే, ఓఎంఆర్ రోడ్డు మీది ఐటీ కంపెనీల్లో ఉద్యోగాలకని వచ్చి ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్ళు. అసోసియేషన్ గదిలో పుస్తకాల బీరువా ఒకటి ఉంది, తాళంచెవి నా దగ్గరుంటుంది. అంచేత ఈ ప్రశ్న నాకు తప్పదు. నవలలు అడిగేవాళ్ళతో పేచీ లేదు, వాళ్ళే వెతుక్కుని పట్టుకుపోతారు. ప్రకృతి, సైన్సు అనేసరికి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. బెస్ట్‌సెల్లర్ల జాబితా చూసి కొన్నవాళ్ళ ఇళ్ళలో ఆ పుస్తకాలు టీవీ పక్కన అందంగా ఉంటాయి, ముప్ఫయ్యో పేజీ దగ్గర బుక్‌మార్క్‌తో.

ఎదురు ప్రశ్న వేస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. గ్రౌండ్ ఫ్లోర్‌లోకి విజయవాడ నుంచి ఒక జంట కొత్తగా వచ్చారు. వాయుగుండం అని వార్త రాగానే వేళచ్చేరిలో జనం కార్లు తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టేస్తారు. ఆ అమ్మాయి అది చూసి హడలిపోయి, "ఆంటీ, ఇంత పెద్ద సిటీలో ఇదేం పద్ధతి? ఈ నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయి?" అంది. ఇంతకంటే మంచి ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది? కృపా గే రాసిన 'రివర్స్ రిమెంబర్' తీసి ఇచ్చాను. 2019లో వచ్చింది. 2015 డిసెంబరు వరదల మీద ఒక జర్నలిస్టు రాసిన పుస్తకం. చెంబరంబాక్కం చెరువు నుంచి ఆ రాత్రి 29 వేల క్యూసెక్కుల దాకా వదిలిన నీళ్ళు అడయారు నదిలోకి ఎలా వచ్చాయి, ఎవరికి ఎప్పుడు తెలిసింది, ఎవరికి తెలియలేదు అన్నదంతా అందులో ఉంటుంది. మనుషులు తెచ్చిపెట్టిన వరద అని పుస్తకం పేరు కిందే రాసి ఉంది, అందుకని ఆవిడ ఏ పక్షాన నిలబడి రాసిందో చదివేవాళ్ళకి ముందే తెలుస్తుంది. అలా తెలియడం మంచిది.

ఆ పుస్తకం ముగించినవాళ్ళకి రెండో ప్రశ్న దానంతట అదే పుడుతుంది: మరి ఈ నీళ్ళు పూర్వం ఎక్కడ నిలిచేవి? దానికి మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళగలిగినంత దూరంలో పళ్ళికరణై చిత్తడి నేల ఉంది. ఒకప్పటి విస్తీర్ణంలో మిగిలింది కొంచెమే. ఒక పక్క పెరుంగుడి చెత్తగుట్ట, ఇంకో పక్క ఐటీ భవనాలు. 2022లో రామ్సార్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, చేరింది. ఇక్కడ యువన్ ఏవ్స్ 'ఇంటర్‌టైడల్' ఇవ్వాలి. 2023లో వచ్చిన డైరీ ఇది. చెన్నై సముద్రతీరం, చిత్తడి నేలలు, వాటిలో పురుగులూ పీతలూ పక్షులూ. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా చదవమని చెప్పకండి. డైరీని అలా చదివితే మూడో రోజుకి నిద్రొస్తుంది. ఏ నెలలో ఉన్నామో ఆ నెల రాతలు తీసి చదవమనండి, ఆదివారం పొద్దున్నే వెళ్ళి చూసి రమ్మనండి. ఆ జంట వెళ్ళారు. ఫ్లెమింగోలు చూశామని ఫొటో పంపారు. అవి ఫ్లెమింగోలు కావు, ఎర్రకాళ్ళ కొంగలు. పోనీలెండి, వెళ్ళారు కదా.

రెండో సంగతి, పుస్తకం మొత్తం చదవమని ఎవరికీ చెప్పకండి. ఒక అధ్యాయం చెప్పండి. నవలకి లేని, సైన్సు పుస్తకానికి ఉన్న సదుపాయం ఇదే. నడుమ తెరిచినా నష్టం లేదు.

మా బ్లాకులో ఒకాయన లాబ్రడార్‌ని రోజూ సాయంత్రం తిప్పుతాడు. అది ప్రతి స్తంభం దగ్గరా ఆగుతుంది, ఈయన గొలుసు పట్టి లాగుతుంటాడు. "ఎందుకు మేడమ్ ఇది ఒకే స్తంభాన్ని రోజూ వాసన చూస్తుంది?" అని విసుక్కుంటూ అడిగాడు. ఎడ్ యాంగ్ రాసిన 'యాన్ ఇమెన్స్ వరల్డ్' ఇచ్చాను. 2022 పుస్తకం, మరుసటి ఏడాది రాయల్ సొసైటీ సైన్సు పుస్తకాల బహుమతి దానికే వచ్చింది. జంతువుల ఇంద్రియాల మీద ఇంత సరదాగా, ఇంత జాగ్రత్తగా రాసినది ఈ మధ్యకాలంలో నేను చదవలేదు. కానీ నాలుగు వందల పేజీలు దాటుతుంది. ఇంజనీరు ఉద్యోగం చేసి రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చే మనిషి చేతిలో అంత లావు పుస్తకం పెడితే దండం పెట్టి వెనక్కిస్తాడు. అందుకని ముందుమాట అయ్యాక వచ్చే మొదటి అధ్యాయం మాత్రం చదవమన్నాను. అది వాసనల గురించే. కుక్క గాలి వదిలేటప్పుడు ముక్కుకి పక్కనున్న చీలికల్లోంచి వదులుతుంది, అందువల్ల బయటికి పోయే గాలి కొత్త వాసనని చెదరగొట్టకుండా ఇంకా లోపలికి తోస్తుంది. మనం వీధిని చూస్తాం, అది చదువుతుంది. నిన్న ఎవరొచ్చారో, ఇవాళ ఎవరొచ్చారో ఆ స్తంభం దగ్గర దానికి తెలుస్తుంది. నడక అంటే దానికి ఆ కాస్సేపే. ఆయన ఇప్పుడు గొలుసు లాగడం లేదు. వాకింగ్‌కి మాత్రం రెట్టింపు సమయం పడుతోందని వాళ్ళావిడ నా మీద కోపంగా ఉంది.

అదే పుస్తకంలో చివరి అధ్యాయం వేరే మనిషికి చెప్పాలి. రాత్రి దీపాలు, మోతలు జంతువుల లోకాన్ని ఎలా పాడుచేస్తున్నాయో అందులో ఉంటుంది. బీసెంట్ నగర్ బీచ్‌లో వాకింగ్ చేసేవాళ్ళకి అది సరిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన తాబేలు పిల్ల రాత్రిపూట వెలుతురున్న వైపుకి పాకుతుంది. ఒకప్పుడు వెలుతురున్నది సముద్రం వైపే. ఇప్పుడు హోటళ్ళు, వీధి దీపాలు. ఇలా ఒక్క పుస్తకాన్నే ఇద్దరికి రెండు పుస్తకాలుగా ఇవ్వొచ్చు.

ఇక అసలు శ్రమ ఉన్న పని. పుస్తకం చేతికిచ్చే ముందు ఒక చీటీ రాయాలి.

కొత్త పుస్తకం కావాలి అంటారు అందరూ. కొత్తదంటే ఏమిటి? వైరస్‌ల మీద, జన్యువుల మీద రాసిన పుస్తకం మూడేళ్ళకే పాతబడొచ్చు. ఒక వాగు పక్కన ఏడాది పొడుగునా కూర్చుని చూసింది రాసినది ముప్ఫై ఏళ్ళకీ పాతబడదు. అంచేత నేను అచ్చయిన సంవత్సరం చూసి ఊరుకోను. ఆ పుస్తకంలో ముఖ్యమైన వాదన ఏదో గుర్తుపట్టి, ఆ తర్వాత దానికేమైందో చూసి, నాలుగు వాక్యాలు తెలుగులో రాసి లోపలి అట్టకి పెడతాను. ఇది ఎవరైనా చేయగల పని. పుస్తకం పేరు, రచయిత పేరు, 'విమర్శ' అని కొట్టి వెతికితే అరగంటలో తేలుతుంది. పత్రికల్లో వచ్చిన పొగడ్తల సమీక్షలు వదిలేసి, అదే రంగంలో పనిచేసేవాళ్ళు ఏమన్నారో చూడండి.

చెట్లు మాట్లాడుకుంటాయి అన్న సంగతే తీసుకోండి. టెర్రస్ గార్డెన్ పెట్టిన ప్రతి ఇంట్లో ఈ మాట వినిపిస్తుంది. "మేడమ్, చెట్లు వేళ్ళతో కబుర్లు చెప్పుకుంటాయట, తల్లి చెట్టు పిల్లలకి అన్నం పెడుతుందట" అని. దీని మూలం 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన. కెనడాలో సుజాన్ సిమార్డ్, మరికొందరు కలిసి బర్చ్, డగ్లస్ ఫర్ మొక్కలకి రెండు రకాల కార్బన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉండే కార్బన్ రకాలు) ఇచ్చి, ఒకదాని కార్బన్ ఇంకోదాంట్లోకి వెళ్తోందని చూపించారు. మట్టిలో వేళ్ళని అంటిపెట్టుకుని ఉండే శిలీంద్రాల (పుట్టగొడుగులూ బూజూ ఈ జాతివే) దారాలే అందుకు తోవ అన్నారు. ఆ తర్వాత జర్మనీలో ఫారెస్టరుగా పనిచేసిన పీటర్ వోలెబెన్ రాసిన 'ది హిడెన్ లైఫ్ ఆఫ్ ట్రీస్' 2016లో ఇంగ్లీషులోకి వచ్చి లోకమంతా చుట్టేసింది. 2021లో సిమార్డ్ సొంత పుస్తకం 'ఫైండింగ్ ది మదర్ ట్రీ' వచ్చింది. ఇంతవరకూ అందరికీ తెలుసు.

తెలియనిది 2023 నాటి సంగతి. ఆ ఏడాది ముగ్గురు శాస్త్రవేత్తలు ఇన్నాళ్ళూ వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి ఒక వ్యాసం రాశారు. అడవిలో ఈ శిలీంద్రాల వల ఎంత విస్తారంగా ఉందో, దాని గుండా చెట్లకి నిజంగా మేలు జరుగుతోందో లేదో చెప్పడానికి మనదగ్గరున్న ఆధారం చాలా తక్కువ, పెద్ద చెట్టు తన సంతానాన్ని గుర్తుపట్టి తిండి పంపుతుందన్న మాటకి అడవిలో చేసిన పరిశోధన ఏదీ లేదు అన్నారు. ఆ ముగ్గురిలో ఒకరైన మెలనీ జోన్స్, 1997 నాటి పరిశోధనా పత్రం రాసినవాళ్ళలో కూడా ఒకరు. సిమార్డ్ తన మాట మీదే నిలబడ్డారు. సైన్సు ఇలాగే నడుస్తుంది, ఇందులో ఎవరూ దొంగలు కారు. కానీ పుస్తకం చేతికిచ్చి ఈ సంగతి చెప్పకపోతే సగం చెప్పినట్టే.

అలాగని ఆ పుస్తకాలు బీరువాలోంచి తీసెయ్యలేదు. చీటీ పెట్టాను. టెర్రస్ గార్డెన్ వాళ్ళకి మాత్రం వాటికంటే ముందు మెర్లిన్ షెల్‌డ్రేక్ 'ఎన్‌టాంగిల్డ్ లైఫ్' ఇస్తాను. 2020లో వచ్చింది. శిలీంద్రాల మీదే రాసింది. ఆయన స్వయంగా ఆ రంగంలో పరిశోధన చేసినవాడు, తెలియని చోట తెలియదని ఒప్పుకుంటూ నడుస్తాడు. ఇడ్లీ పిండి పులిసే ఇంట్లో, పెరుగు తోడుపెట్టే ఇంట్లో కనపడని ప్రాణుల గురించి కొత్తగా నమ్మించాల్సిన పని లేదు, అందుకే ఈ పుస్తకం మనవాళ్ళకి తేలిగ్గా ఎక్కుతుంది.

చీటీ మీద ఏం రాస్తానో ఇంకొకటి చెప్తాను. టోనీ జోసెఫ్ 'ఎర్లీ ఇండియన్స్' 2018 డిసెంబరులో వచ్చింది. మనం ఎక్కణ్ణించి వచ్చామన్న దాని మీద ప్రాచీన డీఎన్‌ఏ ఆధారాలతో రాసిన పుస్తకం. సింధు నాగరికత నాటి ఊరు రాఖీగఢీలో దొరికిన అస్థిపంజరం డీఎన్‌ఏ ఫలితం అచ్చయింది 2019 సెప్టెంబరులో, అంటే పుస్తకం వచ్చాక. ఆ ఒక్క వాక్యం, తేదీతో సహా, చీటీ మీద ఉంటుంది. ఈ పుస్తకం తీసుకున్నవాళ్ళు అసోసియేషన్ మీటింగులో పోట్లాడుకుంటారు. దానికి నేను బాధ్యురాలిని కాను.

పెద్దవాళ్ళలో చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ళు ఉంటారు, సైన్సు అంటే ఆమడదూరం పారిపోతారు. మా వారి బాబాయి ఒకాయన అలాంటివాడు. శాసనాలు, కోటలు, రాజులు తప్ప ఇంకోటి ముట్టడు. ఆయనకి ప్రణయ్ లాల్ 'ఇండికా' ఇవ్వడానికి నేను చెన్నై శివార్లలోని పల్లవరం కబుర్లతో మొదలుపెట్టాను. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయనకి పల్లవరంలోనే పాతరాతియుగపు చేతిగొడ్డలి దొరికింది. మన దేశంలో రాతియుగపు చరిత్ర అక్కణ్ణించే మొదలైంది. ఆ పక్కనే సెయింట్ థామస్ మౌంట్‌లో ఉన్న రాయి పేరు చార్నొకైట్. కోల్‌కతాలో జాబ్ చార్నాక్ సమాధి రాయి కూడా ఆ రకమే, ఆయన పేరే దానికి పెట్టారు. ఇంకొంచెం దూరం వెళ్తే తిరువళ్ళూరు జిల్లాలో అత్తిరంపాక్కం. అక్కడి రాతి పనిముట్లలో ఒక రకం 3 లక్షల 85 వేల ఏళ్ళ నాటిదని 2018లో చెన్నై శాస్త్రవేత్తలే తేల్చారు. ఇవి విన్నాక ఆయనే "దీనికంటే ముందు ఏముండేది అమ్మాయీ?" అన్నాడు. అప్పుడిచ్చాను 'ఇండికా'. 2016 నాటిది, భూమి పుట్టుక నుంచి మన ఉపఖండం కథ, బోలెడు బొమ్మలు. డైనోసార్లు రాజుల్లాగే వంశాలుగా వస్తాయి కాబట్టి ఆయనకి ఇబ్బంది కలగలేదు.

జబ్బుల గురించిన పుస్తకాలకి మాత్రం వేరే జాగ్రత్త కావాలి. సిద్ధార్థ ముఖర్జీ రాసిన క్యాన్సరు చరిత్ర 'ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్' తెలుగువాళ్ళు తప్పక చదవాల్సింది అని నా పట్టుదల. 2010 నాటిది, కొత్తదేమీ కాదు. అయినా మొదటి భాగంలోనే మన యల్లాప్రగడ సుబ్బారావుగారు కనిపిస్తారు. 1895లో భీమవరంలో పుట్టి, ఇక్కడే మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1923లో బోస్టన్‌కి ఓడెక్కిన మనిషి. అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌నే బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ లుకేమియా (రక్త క్యాన్సరు) ఉన్న పిల్లలకి వాడి చూశాడు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి, ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. పిల్లల లుకేమియాకి కీమోథెరపీ చరిత్ర అక్కడ మొదలవుతుంది. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఆ కాలేజీ ముందు నుంచి రోజూ బస్సులో పోయే తెలుగువాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

అంత ఇష్టమైన పుస్తకమైనా, ఇంట్లో క్యాన్సరు ఉన్నవాళ్ళకి నేనై నేను ఇవ్వను. వాళ్ళు అడిగితేనే. అడిగినా, ఏ క్యాన్సరో తెలుసుకుని, ఆ అధ్యాయంలో చావుల లెక్కలు ఎలా ఉన్నాయో చూసి మరీ ఇస్తాను. పదిహేనేళ్ళ కిందటి లెక్కలు చదివి ఇవాళ్టి రోగి బెంగపడితే ఆ పాపం ఇచ్చినవాళ్ళదే. అదే రచయితది 2022 పుస్తకం 'ది సాంగ్ ఆఫ్ ది సెల్' ఇంకాస్త నెమ్మదిగా ఉంటుంది. రోగి శరీరంలోని కణాలనే తీసి, మార్చి, మందుగా ఎక్కించే చికిత్స గురించి అందులో ఉంది. దాని చీటీ మీద ఇలా రాశాను: మన దేశంలో తయారైన మొదటి కార్-టీ చికిత్స, నెక్స్‌కార్19కి, 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది.

తెలుగు మాత్రమే చదివేవాళ్ళకి ఏమివ్వాలన్నది నాకు ఎప్పుడూ ఉండే బెంగ. కొత్త పుస్తకాలన్నీ ఇంగ్లీషులో వస్తున్నాయి. అనువాదాలు వచ్చినా అన్నీ సాఫీగా సాగవు. ఒక పేరా పైకి చదివి చూడండి, నాలిక తడబడితే అది ఎవరికీ ఇవ్వొద్దు. నా దారి ఏమిటంటే, పాత తెలుగు పుస్తకం ఇచ్చి కొత్త చీటీ పెట్టడం. నండూరి రామమోహనరావుగారి 'విశ్వరూపం' (విశ్వం కథ), 'నరావతారం' (మనిషి పుట్టుక కథ) చదివి సైన్సు మీద ఇష్టం పెంచుకున్న తరం మాది. ఆ వచనానికి సాటి వచ్చేది ఇప్పటికీ లేదు. 'విశ్వరూపం'లో పెట్టిన చీటీ: ప్లూటోని 2006లో గ్రహాల జాబితాలోంచి తీసేశారు, ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు ఇప్పుడు వేలల్లో తెలుసు, గురుత్వ తరంగాలు 2015లో మొదటిసారి యంత్రానికి చిక్కాయి. 'నరావతారం'లోది: నియాండర్తల్ మనుషుల జన్యువులు 2010లో చదివారు, వాళ్ళ అంశ కొద్దిగా మనలోనూ ఉంది, ఆ పని చేసిన స్వాంతే పాబోకి 2022లో నోబెల్ వచ్చింది. మా అత్తగారు పుస్తకం కంటే ముందు చీటీ చదివి, "ఇదంతా వీళ్ళు ఎప్పుడు కనిపెట్టారే?" అని నన్ను కూర్చోబెట్టి అడిగింది.

ఇప్పటి రచయితల్లో మన ఊళ్ళోనే ఉన్నాయన ఒకరున్నారు. ఐఐటీ మద్రాసులో మెదడు మీద పరిశోధన చేసే ప్రొఫెసరు వి. శ్రీనివాస చక్రవర్తి తెలుగులో సైన్సు రాస్తారు, అనువాదాలూ చేశారు. చెన్నైలో కూర్చుని తెలుగులో సైన్సు రాసేవాళ్ళు ఉన్నారని చెప్తే ఇక్కడి తెలుగువాళ్ళే నమ్మరు.

పిల్లల విషయం క్లుప్తంగా. పదేళ్ళ లోపు వాళ్ళకి ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్లో తెలుగు సైన్సు కథలు ఉచితంగా దొరుకుతాయి, హైదరాబాదు 'మంచి పుస్తకం' వాళ్ళవి కొనుక్కోవచ్చు. పన్నెండు దాటినవాళ్ళకి పెద్దల పుస్తకమే ఇవ్వండి, అర్థం కానిది వాళ్ళే దాటేసుకుంటారు. పామంటే పడిచచ్చే మగపిల్లాడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. పాముల నిపుణుడు రోమ్ విటేకర్ ఆత్మకథ మొదటి భాగం 2024లో వచ్చిందని వాడికి ఎవరో చెప్తారు. దాని పేరు 'స్నేక్స్, డ్రగ్స్ అండ్ రాక్ ఎన్ రోల్'. పేరులో మధ్య మాట చూశారు కదా, తల్లిదండ్రులు చదివాకే వాడి చేతికి. ఈలోగా వాణ్ణి ఈసీఆర్ (సముద్రం పక్కన పోయే రోడ్డు) మీద వడనెమ్మేలి మొసళ్ళ పార్కుకి తీసుకెళ్ళండి. అక్కడే, పాములు పట్టడంలో ఆరితేరిన ఇరులర్ గిరిజనుల సహకార సంఘం పాముల నుంచి విషం తీసి చూపిస్తుంది. 1978 నుంచీ నడుస్తున్న సంఘం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషంతోనే మన ఆసుపత్రుల్లో వాడే విరుగుడు మందు తయారవుతుంది. పల్లెలో పొలం ఉన్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఇది తెలియాల్సిన సంగతి.

పుస్తకాలు ఎక్కడ అంటే, అన్నీ కొనక్కర్లేదు. ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక కాపీ రావాలని చట్టం. కాబట్టి ఇక్కడి ప్రచురణకర్తలు వేసినవి అక్కడ అడిగి చూడండి. కోట్టూరుపురం అన్నా శతజయంతి లైబ్రరీలో కూర్చుని చదువుకోవడానికి ఏసీ ఉంది, జనం ఉన్నా గోల ఉండదు. కొనాలంటే జనవరిలో నందనం వైఎంసీఏ మైదానంలో జరిగే బుక్ ఫెయిర్. విదేశీ పుస్తకమైతే గట్టి అట్టది కొనొద్దు, ఏడాది ఆగితే పేపర్‌బ్యాక్ సగం ధరకి వస్తుంది. ఆ ఏడాదిలో విమర్శలూ వచ్చేస్తాయి, మీ చీటీ పనీ సులువవుతుంది.

చివరగా, కాలం చూసి ఇవ్వండి. మంచి పుస్తకమైనా వేళ కాని వేళ ఇస్తే చదవరు. వరద పుస్తకం మార్చిలో ఇస్తే ఎవరికి పట్టింది? తమిళుల ఐప్పసి నెల వానలు మొదలు కాకముందు, సెప్టెంబరు చివర్లో ఇవ్వాలి. డిసెంబరు మూడో వారంలో కార్తీక్ శంకర్ 'ఫ్రమ్ సూప్ టు సూపర్‌స్టార్' బయటికి తీస్తాను. 2015 పుస్తకం, మన తీరంలో సముద్ర తాబేళ్ళ కథ. ఒకప్పుడు కూరగా వండుకున్న ప్రాణిని కాపాడాలని దేశం ఎలా కదిలిందో చెప్తుంది. రచయిత 1988లో ఇక్కడి విద్యార్థులతో కలిసి తాబేళ్ళ గుడ్లు కాపాడే నడకలు మొదలుపెట్టినవాళ్ళలో ఒకరు. ఆ బృందం విద్యార్థులు ఇప్పటికీ జనవరి నుంచి నీలాంగరై, బీసెంట్ నగర్ మధ్య రాత్రంతా నడుస్తారు, వారాంతాల్లో మనల్నీ రానిస్తారు. గూడు కట్టిన ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. ఈ ముక్క ఇంట్లో చదివినప్పుడు తల ఊపి ఊరుకుంటారు. రాత్రి రెండింటికి గుడ్ల గుంటలో చెయ్యి పెట్టినప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి. ఎండలు ఇలా ముదిరితే మగవి ఎక్కణ్ణించి వస్తాయని కిందటి సీజన్లో రెండో అంతస్తు అబ్బాయి నన్ను లిఫ్టులో ఆపి అడిగాడు. వాడికి వాతావరణ మార్పు మీద ఏదైనా ఇవ్వాలి, ఇంకా వెతుకుతున్నాను.

మే నెల కత్తిరి ఎండల్లో మాత్రం కొత్త పుస్తకం ఎవరికీ ఇవ్వను. ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు పట్టుకుపోతారు, జూన్‌లో రైల్లో మర్చిపోయామంటారు. బీరువాకి తాళం వేసి, అంతకుముందు తీసుకున్నవాళ్ళ జాబితా లిఫ్టు పక్కన గోడకి అంటిస్తాను.